ప్రయాణాల పేజీ: సాయంత్రం కోట, రాత్రి సముద్రం

సెలవుల సీజన్ దగ్గర పడేసరికి సెయింట్ క్రోయ్ గురించే వరసగా ఉత్తరాలు వచ్చాయి. కరీబియన్ సముద్రంలో అమెరికా చేతిలో ఉన్న చిన్న దీవి అది, యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లో భాగం. అందుకని ఈసారి పేజీ దాదాపు దానికే ఇచ్చేశాం, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: డిసెంబర్‌లో మేం నలుగురం సెయింట్ క్రోయ్ వెళ్తున్నాం. ఫ్రెడెరిక్‌స్టెడ్ అనే ఊళ్లో సాయంత్రం నాలుగింటికి మొదలయ్యే గైడెడ్ టూర్ ఒకటి చూశాను. ముందు కోట, తర్వాత ఆర్ట్ గ్యాలరీ, చీకటి పడ్డాక పియర్ (ఓడలు కట్టే పొడవాటి రేవు వంతెన) కింద స్నార్కెలింగ్, అంటే మాస్క్, ఊపిరి గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ కిందికి చూడటం. మూడూ కలిపి ఎక్కువ డబ్బు గుంజడానికే ఇదంతా, సముద్రం ఒక్కటి చాలు అంటున్నారు మా ఆయన. నాకేమో కోట చూడాలని ఉంది. ఎవరి మాట వినాలి? (డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ మాటే. కాకపోతే మీ ఆయన అనుమానం కూడా ఊరికే వచ్చింది కాదు, దాని సంగతి చివర్లో చెప్తాను.

ఆ ఊరు చాలా చిన్నది. కోట, గ్యాలరీ, పియర్ అన్నీ ఒడ్డు వెంబడే, తీరిగ్గా నడిచినా నిమిషాల్లో అయిపోయే దూరంలో ఉంటాయి. కాబట్టి మూడు చోట్లకి తిప్పి అలసట పెట్టే టూర్ కాదిది. పైగా దీవికి పడమటి అంచు కావడంతో గాలి మరుగున ఉండి అక్కడ నీళ్లు మామూలుగా శాంతంగా ఉంటాయి, పొద్దు కూడా మీ ఎదురుగానే నీళ్లలో కుంగుతుంది. డిసెంబర్‌లో ఆరు కాకముందే పొద్దు కుంగిపోతుంది, అందుకే నాలుగింటికి మొదలుపెట్టడం.

ఇక కోట. ఎర్ర రంగు వేసిన ఫోర్ట్ ఫ్రెడెరిక్ ఇది, 1752లో కట్టడం మొదలుపెట్టి 1760కి పూర్తిచేశారు. కట్టింది డేన్లు, అంటే డెన్మార్క్ వాళ్లు. 1733లో ఫ్రెంచివాళ్ల దగ్గర ఈ దీవిని కొనుక్కుని, ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చి చెరకు పండించారు. 1847లో డెన్మార్క్ రాజు ఒక పద్ధతి పెట్టాడు: ఇకపై పుట్టే పిల్లలకి వెంటనే స్వేచ్ఛ, పెద్దవాళ్లు మాత్రం ఇంకో 12 ఏళ్లు ఆగాలి. వాళ్లు ఆగలేదు. 1848 జూలై 2 రాత్రి తోటల్లో గంటలు మోగాయి, శంఖాలు ఊదారు, తెల్లారేసరికి వేల మంది ఈ కోట ముందుకి వచ్చి నిలబడ్డారు. వాళ్లని నడిపించినవాడిగా మోజెస్ గాట్‌లీబ్ పేరు చెప్తారు, ఊరి జనానికి ఆయన బుడ్హో. గవర్నర్ పీటర్ వాన్ షోల్టెన్ దీవి అవతలి కొస నుంచి బండి కట్టించుకుని వచ్చి, రాజు అనుమతి కోసం కూడా చూడకుండా, అందరూ స్వతంత్రులే అని ఆ రోజే ప్రకటించేశాడు. కోట పక్కనున్న పార్కుకి ఇప్పుడు బుడ్హో పేరే. అక్కడ శంఖం ఊదుతున్న మనిషి విగ్రహం కూడా ఉంటుంది, అక్కడ ఓ పది నిమిషాలు ఆగండి.

చాలామంది గైడ్లు కథ ఇక్కడితో ఆపేస్తారు, సుఖాంతం కదా. కానీ అసలు కథ ఆ తర్వాతది. 1849లో ఒక కూలి చట్టం వచ్చింది. ఏడాది కాంట్రాక్టు పెట్టుకుని అదే తోటలో అదే పని చేయాలి, మారాలంటే అక్టోబర్ 1 వరకూ ఆగాలి. పేరుకే స్వేచ్ఛ. 1878 అక్టోబర్ 1న కూలీలు ఇదే ఊళ్లో గుమిగూడినప్పుడు గొడవ రాజుకుని ఊరు చాలా భాగం, చుట్టుపక్కల తోటలు తగలబడిపోయాయి. ఫైర్‌బర్న్ అంటారు దాన్ని. ముందు నిలబడింది ఆడవాళ్లు: మేరీ థామస్, ఆగ్నెస్, మటిల్డా. జనం వాళ్లని ఇప్పటికీ క్వీన్స్ అనే పిలుస్తారు. డెన్మార్క్ ప్రభుత్వం వాళ్లని కోపెన్‌హాగన్ జైలుకి పంపింది. మీరు వీధిలో నడుస్తుంటే కింద అంతస్తు రాతి కమానులతో, పై అంతస్తు చెక్కతో, అంచులకి లేసు అల్లినట్టు చెక్కుడు పనితో ఇళ్లు కనిపిస్తాయి చూడండి, అందరూ ఫోటోలు తీసుకునేది వాటినే. వాటిలో చాలా ఇళ్లు ఆ మంటల తర్వాత మళ్లీ లేచినవే.

ఇక ఆర్ట్ గ్యాలరీ. ఒడ్డు మీదే కరీబియన్ మ్యూజియం సెంటర్ ఫర్ ది ఆర్ట్స్ ఉంది, స్థానిక చిత్రకారుల ప్రదర్శనలు మారుతుంటాయి కాబట్టి మీరు వెళ్లినప్పుడు గోడ మీద ఏముంటుందో చెప్పలేం. కానీ ఒక్కటి మాత్రం వెతకండి, చేనీ. అప్పటి దొరల ఇళ్లలో పగిలిన పింగాణీ పళ్లేల పెంకులు ఈ దీవి మట్టిలో ఎక్కడపడితే అక్కడే ఉంటాయి. గట్టిగా వాన పడితే నీలిరంగు పువ్వులున్న ముక్కలు పైకి తేలతాయి. పిల్లలు వాటి అంచులు గుండ్రంగా అరగదీసి డబ్బుల ఆట ఆడుకునేవాళ్లు, ఇప్పుడు కంసాలులు వెండి చుట్టి లాకెట్లు చేస్తున్నారు. లా వాన్ బెల్ అనే ఇక్కడి కళాకారిణి ఆ పెంకుల మీది గీతల్నే పెంచి పెద్ద పెద్ద చిత్రాలు వేసింది. ఆమే జెనెట్ ఏలర్స్ అనే డేనిష్ కళాకారిణితో కలిసి 2018లో కోపెన్‌హాగన్‌లో మేరీ థామస్ విగ్రహం నిలబెట్టింది. ఏడు మీటర్ల ఎత్తు, కుర్చీలో కూర్చుని ఒక చేతిలో కాగడా, ఇంకో చేతిలో చెరకు కొట్టే కత్తి. దాని పీఠంలో సెయింట్ క్రోయ్ నుంచి తీసుకెళ్లిన పగడపు రాళ్లు పెట్టారు. ఎందుకంటే ఇక్కడి పాత కట్టడాల పునాదుల్లో ఉన్నవి అవే, బానిసలు సముద్రంలో దిగి కోసి తెచ్చిన పగడం.

ఇప్పుడు మీ ఆయనకి చెప్పండి. గంట క్రితం పాత కట్టడంలో చూసిన రాయి బతికున్నప్పుడు ఎలా ఉంటుందో చూడటానికే ఆ నీళ్లలో దిగుతున్నారు. విడివిడిగా వెళ్తే ఈ ముడి పడదు, చేపలు చూసి వచ్చేస్తాం అంతే.

ఆయన అనుమానం సంగతి. కొన్ని టూర్లలో చరిత్ర అంటే సముద్రపు దొంగలు, రమ్ము, నాలుగు జోకులు. కోట తలుపులు మూసేశాక బయటి గోడ చూపించి పంపేవాళ్లూ ఉంటారు. బుక్ చేసే ముందు ఫోన్ చేసి రెండే అడగండి: కోటలోకి, గ్యాలరీలోకి లోపలికి తీసుకెళ్తారా, 1878 గురించి చెప్తారా. రెండో దానికి అవతలి మనిషి తడబడితే మీ ఆయనే గెలిచినట్టు, స్నార్కెలింగ్ ఒక్కటే బుక్ చేసుకోండి.

ప్రశ్న: మాది హెచ్1బి వీసా. అమెరికా దీవే కదా, పాస్‌పోర్ట్ అక్కర్లేదు అంటున్నాడు మా ఫ్రెండ్. నిజమేనా? (న్యూజెర్సీ)

జవాబు: మీ ఫ్రెండ్ సిటిజన్ అయ్యుంటాడు. వాళ్లకి పాస్‌పోర్ట్ తప్పనిసరి కాదు. ఇమిగ్రేషన్ లెక్కలో అది అమెరికానే, మీరు దేశం దాటినట్టు కాదు. కానీ కస్టమ్స్ లెక్కలో వేరు, అందుకని తిరిగొచ్చేటప్పుడు అక్కడి ఎయిర్‌పోర్టులోనే అధికారులు అందరినీ ఆపి చూస్తారు. పాస్‌పోర్ట్, ఐ-797 (హెచ్1బి ఆమోద పత్రం), ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టిన రికార్డు) ప్రింటు, ఇంటిల్లిపాదివీ ఒక కవర్లో పెట్టుకుని వెళ్లండి. వీసా స్టాంపింగ్ గడువు అయిపోయినవాళ్లు, కేసు పెండింగ్‌లో ఉన్నవాళ్లు టికెట్ కొనకముందే లాయర్‌ని ఒక మాట అడగండి, అక్కడ క్యూలో నిలబడి టెన్షన్ పడటం కంటే నయం. ఇంకోటి, పక్కనే బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ ఉన్నాయి కదా, ఫెర్రీలో ఓ పూట వెళ్లొద్దాం అనుకోకండి. అది వేరే దేశం, అక్కడ అడుగుపెడితే అమెరికా దాటినట్టే.

కారు అద్దెకి తీసుకుంటే అక్కడ రోడ్డుకి ఎడమ పక్కన నడపాలి, కారు మాత్రం అమెరికా కారే, స్టీరింగూ ఎడమ పక్కే. మనకి ఇండియా అలవాటు ఉంది కదా అని ధీమా పడొద్దు. రాత్రి స్నార్కెలింగ్ అయ్యి తడిసి అలసిపోయి, లైట్లు లేని రోడ్డు మీద ఈ తికమక ఎందుకు? ఆ ఒక్క రాత్రికి ఫ్రెడెరిక్‌స్టెడ్‌లోనే గది తీసుకోవడమో, టాక్సీ మాట్లాడుకోవడమో మంచిది.

ప్రశ్న: మా అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చారు. 64 ఏళ్లు, బీపీ మాత్రలు వాడతారు, ఈత రాదు. లైఫ్ జాకెట్ ఇస్తారట, నేనూ దిగుతాను అంటున్నారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారేమో. (అట్లాంటా)

జవాబు: ఆవిడ హుషారుకి దండం. కానీ రాత్రి పూట వద్దు. జాకెట్ మనిషిని తేలుస్తుంది, ఊపిరి మాత్రం మనమే తీసుకోవాలి. సన్నటి గొట్టంలోంచి గట్టిగా గాలి లాగుతూ కాళ్లు కొట్టుకుంటూ ఉంటే కొందరికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఉన్నట్టుండి నీరసం, ఆయాసం రావచ్చు, గుండె ఇబ్బందులున్నవాళ్లకి ఆ ప్రమాదం ఎక్కువ అని హవాయిలో మునిగిపోయిన కేసుల్ని పరిశీలించినవాళ్లు చెప్పారు. నీళ్లు మింగకపోయినా జరిగేది ఇది. పగలైతే పక్కవాళ్లు ముఖం చూసి పసిగడతారు, చీకట్లో ఎవరికి తెలుస్తుంది?

కాబట్టి ఇలా చేయండి. డాక్టర్ సరే అంటే మర్నాడు పొద్దున నడుంలోతు నీళ్లలో, కాళ్లు ఇసుకకి ఆనేచోట మాస్క్ పెట్టి ముఖం ముంచమనండి. పగలు కూడా ఆ ఒడ్డున చేపలకి కొదవ లేదు. ఆయాసం అనిపిస్తే గొట్టం ఉమ్మేసి నిలబడిపోవడమే. ముఖమంతా కప్పేసే కొత్త రకం మాస్కులు అమ్ముతున్నారు, పెద్దవాళ్లకి సుఖంగా ఉంటుందని కొంటున్నారు కూడా, నాకు వాటి మీద నమ్మకం లేదు. గాభరా పడ్డప్పుడు నోట్లో గొట్టాన్ని ఉమ్మేయొచ్చు, తల వెనక పట్టీలు విప్పడం అంత తేలిక కాదు.

టూర్‌లో కోట, గ్యాలరీ వరకూ ఆవిడని తప్పకుండా తీసుకెళ్లండి. తర్వాత ఒడ్డున కుర్చీ వేసి కూర్చోబెట్టండి, మీలో ఒకరు తోడుండండి. పియర్ కింద టార్చిలైట్లు కదులుతుంటే పైనుంచి చూడటం కూడా బాగుంటుంది. నీళ్లలో దిగనివాళ్లకి టికెట్ తగ్గిస్తారేమో అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: నాకు గుబురు మీసం, కళ్లజోడు. మాస్క్‌లోకి నీళ్లు వస్తాయి, మీసం తీసేయమంటున్నారు. వేరే దారి లేదా? (హ్యూస్టన్)

జవాబు: మీసం జోలికి పోవద్దు. మాస్క్ సిలికాన్ అంచు మీ ముక్కు కింద, పై పెదవి మీద ఆనుతుంది. వెంట్రుకల సందులోంచి నీళ్లు దారి చేసుకుంటాయి. ముక్కు కింద సన్నటి గీత మేర కత్తిరించి, అక్కడ కొద్దిగా వాజ్‌లైన్ రాస్తే చాలావరకు ఆగుతుంది. కాస్తో కూస్తో చేరిన నీళ్లని పై అంచు నొక్కి పట్టుకుని ముక్కుతో గట్టిగా ఊది బయటికి పంపేయొచ్చు, ఒడ్డునే ఓసారి నేర్పించమనండి. పట్టీ బిగిస్తే ఆగుతుందనుకుని లాగి కడతారు అందరూ, అంచు ముడతపడి ఇంకా ఎక్కువ కారుతుంది. సరిపోయే మాస్క్ ఏదో తెలియాలంటే పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లాగండి, చేయి వదిలినా నిలబడితే అదే మీ మాస్క్.

కళ్లజోడు మాస్క్ కింద పెట్టుకోవడం కుదరదు, అంచు లేచిపోతుంది. పవర్ అద్దాల మాస్కులు దొరుకుతాయి, మీ నంబర్ ముందే చెప్తే కొంతమంది టూర్ వాళ్లు తెచ్చిపెడతారు. ఆడవాళ్లకి ఒక మాట, పెద్ద ముక్కుపుడక ఉంటే మాస్క్ దాన్ని లోపలికి నొక్కి నొప్పి పుట్టిస్తుంది, ఆ పూటకి తీసి దాచుకోండి. తలకి నూనె పెట్టుకుని వెళ్తే పట్టీ జారిపోతుంది.

సన్‌స్క్రీన్ గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్పాలి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవి 2020 నుంచి ఆ దీవుల్లో నిషేధం, పగడానికి హాని అని. ట్యూబ్ వెనక చదివి జింక్ ఆక్సైడ్ రకం తీసుకోండి. సాయంత్రం టూర్‌కైతే అసలు ఎందుకు, పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే సరిపోతుంది, చలి కూడా ఆపుతుంది.

ప్రశ్న: చీకట్లో సముద్రంలో దిగడం అంటేనే భయం. ఏం కనిపిస్తుంది? షార్కులు రావా? (చికాగో, తొమ్మిదో తరగతి పాప)

జవాబు: మొదటి ఐదు నిమిషాలు భయం వేస్తుందమ్మా, వెయ్యకపోతేనే వింత. టార్చ్ వేశాక నీ లోకం ఆ వెలుగంతే అవుతుంది, అప్పుడు భయం తగ్గుతుంది. పియర్ స్తంభాల మీద పగలు ముడుచుకుని మొద్దుగా కనిపించే ఆరెంజ్ కప్ కోరల్ రాత్రి మేత కోసం విచ్చుకుంటుంది, స్తంభం చుట్టూ బంతిపూల దండ చుట్టినట్టే ఉంటుంది. తమాషా ఏమిటంటే అది కరీబియన్‌ది కాదు, మన హిందూ, పసిఫిక్ మహాసముద్రాలది, ఓడల అడుగున అంటుకుని వలస పోయింది. స్పంజి కొమ్మకి తోక చుట్టుకుని సీహార్స్ వేలాడుతుంటుంది, గైడ్ చూపిస్తే తప్ప కనపడదు. ఆక్టోపస్ వేటకి వచ్చే వేళ అది. దాని మీద వెలుగు పడగానే రంగు మారిపోతుంది చూడు, గోధుమ నుంచి నీలి ఆకుపచ్చకి, అంతలోనే మళ్లీ రాయిలా. కొన్ని రకాల చిలకచేపలు తమ చుట్టూ జిగురు దోమతెర కట్టుకుని నిద్రపోతాయి, వాటి మీద లైటు ఎక్కువసేపు పెట్టకు.

షార్కుల్లో కనిపిస్తే గిస్తే అడుగున పడుకునే నర్స్ షార్క్ కనిపించొచ్చు, దాని జోలికి పోకపోతే అది నీ జోలికి రాదు. నువ్వు జాగ్రత్త పడాల్సింది నల్లటి పొడుగు ముళ్ల సముద్రపు ఉర్చిన్‌తో. పగలు సందుల్లో దాక్కుని రాత్రి బయటికి వస్తుంది, చూడకుండా కాలు పెడితే ముల్లు గుచ్చుకుని లోపలే విరిగిపోతుంది. అందుకే ఎక్కడా నిలబడొద్దు, స్తంభం పట్టుకోవద్దు. శంఖం కనిపించినా తీసుకోవద్దు, లోపల ప్రాణి ఉంటుంది. చివర్లో గైడ్ అందర్నీ టార్చిలు ఆర్పమంటే ఆర్పి చేతులు గట్టిగా ఆడించు, వేళ్ల చుట్టూ చిన్న చిన్న మెరుపులు కనిపించొచ్చు.

అమ్మానాన్నకి చెప్పు, పియర్‌కి క్రూయిజ్ షిప్ కట్టి ఉంటే నీళ్లలోకి దిగనివ్వరు. ఆ తారీఖు చూసుకునే బుక్ చేయమను.

ప్రశ్న: రిటైరయిన హిస్టరీ మాస్టార్ని. డేన్లంటే మనకి తమిళనాడు తీరంలోని తరంగంబాడి గుర్తొస్తుంది. ఆ దీవికీ మనకీ ఏమైనా సంబంధం ఉందా? (గుంటూరు)

జవాబు: ఉంది మాస్టారూ. తరంగంబాడిలో డేన్లు 1620లో కోట కట్టి 1845లో ఇంగ్లీషువాళ్లకి అమ్మేశారు, మచిలీపట్నంలో కూడా కొన్నాళ్లు వర్తకం చేశారు. మన తూర్పు తీరం నూలు బట్టలు ఓడల్లో యూరప్ వెళ్లి, అక్కణ్ణుంచి పశ్చిమాఫ్రికాకి చేరి, అక్కడ బానిసల్ని కొనడానికి మారకంగా చెల్లేవి. అంటే ఫ్రెడెరిక్‌స్టెడ్ కథలో మన మగ్గాల నూలు కూడా ఉంది, ఆ నేతగాళ్లకి ఆ సంగతి తెలిసే వీల్లేదు.

మనుషులూ వెళ్లారు. 1863లో కలకత్తా నుంచి ఒకే ఒక్క ఓడలో మూడొందల మందికి పైగా ఒప్పంద కూలీలు సెయింట్ క్రోయ్ చేరారు. ఐదేళ్ల కాంట్రాక్టు అయ్యాక 1868లో వాళ్లలో ఎక్కువమంది తిరిగి వచ్చేశారు, మళ్లీ ఓడ వెళ్లలేదు. మనవాళ్లు మారిషస్, నాటాల్, ఫిజీల వైపు వెళ్లినంతగా ఇటు వెళ్లలేదు. 1917లో అమెరికా ఈ దీవుల్ని డెన్మార్క్ దగ్గర 2.5 కోట్ల డాలర్ల బంగారానికి కొనేసింది. అక్కడి టూర్లలో ఈ ఇండియా కూలీల మాట ఎవరూ ఎత్తరు, మీ పిల్లలెవరైనా వెళ్తే గైడ్‌ని అడగమనండి.

ప్రశ్న: వైజాగ్‌లో ఇలాంటి టూర్ పెట్టొచ్చు కదా? భీమిలి డచ్ సమాధులు ఉన్నాయి, రుషికొండ ఉంది. (విశాఖపట్నం)

జవాబు: భీమిలి, తొట్లకొండ కలిపి సాయంత్రం నడక టూర్ పెడితే మొదటి టికెట్ నేనే కొంటాను. రాత్రి స్నార్కెలింగ్ మాత్రం అక్కడ వద్దండి. మన తీరంలో మట్టి కలిసి నీళ్లు చాలా రోజులు మసగ్గానే ఉంటాయి, అలల లాగుడు ఎక్కువ, టార్చ్ వేసినా మీ చేయే మీకు కనపడకపోవచ్చు. డైవింగ్ నేర్పేవాళ్లు కూడా నీళ్లు తేటపడే రోజులు చూసుకుని పగలే తీసుకెళ్తారు.

ఆ కోరిక తీరాలంటే దగ్గరది అండమాన్, వైజాగ్ నుంచి ఓడ కూడా ఉంది. పగలు నార్త్ బే దగ్గర స్నార్కెలింగ్ చేసి, సాయంత్రం శ్రీ విజయపురంలో (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు, చీకటి పడ్డాక అక్కడే సౌండ్ అండ్ లైట్ షో. వరస తిరగబడుతుంది, ముందు సముద్రం, తర్వాత చరిత్ర. తెలుగువాళ్లు అక్కడ బాగానే ఉన్నారు, ఆటో మాట్లాడుకోవడానికి హిందీ కోసం తడుముకోనక్కర్లేదు. షో టికెట్లు సీజన్‌లో తొందరగా అయిపోతాయి, ముందే తీసుకోండి.